విన్నవారి సంతకం

మే 2

ఈ ఏడు పిట్టల లెక్కకి మొదటి విడత. తెల్లారకముందే మడుగులోని జమ్ములోకి దిగాను. పిక్కల దాకా నీళ్లు. నీటికోళ్లు అరిచాయి, కప్పలు అరిచాయి, జమ్ముపిట్టలు రెండు ఏదో ఆస్తి తగాదా ఉన్నట్టు చట్ చట్‌మని తిట్టుకున్నాయి. రాట్నంపిట్ట మాత్రం లేదు. గంటసేపు కొయ్యలా నిలబడ్డాను. లేదు.

నాలుగేళ్ల కింద పద్నాలుగు. ఆ తర్వాత తొమ్మిది. ఆ తర్వాత నాలుగు. పోయినేడు ఒకటి.

ఇంటికి రాగానే మా ఆవిడ కుట్టుమిషన్ మీంచి తలెత్తకుండానే మొదలెట్టింది. "పొద్దున్న మీ వాచీ బల్ల మీద పడి ఒకటే మొత్తుకోవడం. మీరేమో పక్కనే కూర్చుని తీరుబడిగా బూట్లు తొడుక్కుంటున్నారు. నేను లేచొచ్చి నొక్కాల్సొచ్చింది." ఆవిడ లెక్కలో ఈగ ముసిరినా మొత్తుకోవడమే. బ్యాటరీ అయిపోవచ్చి నీరసంగా మోగి ఉంటుంది.

ఆఫీసులో నన్ను పాముచెవి అంటారు. ఎదురుగా సార్ అంటారు, వెనకాల పాముచెవి అంటారు. వెనకాల అనేది కూడా నాకు వినపడుతుంది కాబట్టే ఆ పేరొచ్చింది.

మే 3

మడుగు పూడ్చే ఇంజనీరు ఇంటికొచ్చాడు. కుర్చీ అంచు మీద కూర్చునే రకం, మర్యాదస్తుడు. ఆ పిట్ట ఎలా ఉంటుందో చెప్తారా సార్ అన్నాడు. ఎవరైనా ఆ ఒక్క మాట అడిగితే చాలు, నన్ను ఆపడం కష్టం.

"పిడికిట్లో పట్టేంత ఉంటుంది. బురద రంగు. జమ్ముపిట్ట కూడా అదే సైజు, అదే రంగు. జమ్ముపిట్ట వీపు నున్నగా ఉంటుంది, దీని వీపు మీద సన్నటి నల్ల గీతలుంటాయి. ఆ గీతలు చూద్దామంటే అది బయటికి రాదు. ఎలకలాగా దుబ్బుల మొదట్లో పరుగెడుతుంది. గూడు కూడా నేలకి ఆనించే పెడుతుంది. కాబట్టి చూసి లాభం లేదు బాబూ, వినాలి. జమ్ముపిట్ట చట్ చట్‌మంటుంది. ఇది ఆగకుండా, గిర్ర్‌మని, రాట్నం తిప్పినట్టు పాడుతుంది. పాడుతున్నంతసేపూ తల అటూ ఇటూ తిప్పుతుంది. అందుకని పాట ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా వస్తుంది. కొత్తవాళ్లు పిట్ట ఎగిరిపోయిందనుకుంటారు. అది కదలదు, తల ఒక్కటే కదుల్తుంది."

కాఫీ చల్లారిపోయేదాకా విన్నాడు. రూలు అతనికీ తెలుసు, నాకూ తెలుసు. మూడు విడతలు విని నేను లేదని రాస్తే ఇరవయ్యో తారీఖున యంత్రాలు దిగి మిగిలిన దక్షిణపు సగం పూడ్చేస్తాయి, గోదాములు కడతారు. ఒకటి నుంచి ఐదు దాకా ఉన్నాయంటే వాటి చుట్టూ వందేసి అడుగులు వదిలి మిగతాది పూడుస్తారు. ఐదు దాటితే తట్టెడు మట్టి కూడా పొయ్యకూడదు.

"మీరెలా రాస్తే అలా సార్. నేను మిమ్మల్ని ఒక్క మాట కూడా అడగను" అన్నాడు వెళ్తూ. నిజంగానే అడగలేదు. అడిగుంటే బాగుండేది, కాస్త కోప్పడి పంపేవాణ్ణి.

ఉత్తరపు సగం మూడేళ్ల కిందే పూడిపోయింది. ఇప్పుడక్కడ లారీలు నిలుపుతున్నారు. అప్పుడూ వినడానికి వెళ్లింది నేనే.

మే 5

వాచీకి కొత్త బ్యాటరీ వేయించాను.

మే 6

రెండో విడత. లేదు.

జమ్ము కోసి చాపలల్లే పెద్దావిడ గట్టు మీద కనిపించింది. "దీని గోల కాస్త మాన్పించు బాబూ. పొద్దున్నే మొదలెట్టిందంటే చెవిలో జోరీగే" అంది. జమ్ముపిట్టలు అంతేనమ్మా, నోరు మూతపడదు వాటికి అన్నాను. ఆవిడ నా మొహంకేసి వింతగా చూసింది. కొడవలి అటు చాచి ఏదో చెప్పింది. గాలి ఎక్కువగా ఉండి సరిగ్గా వినపడలేదు. తలూపి ఊరుకున్నాను.

ఆ కొడవలి చూపించిన వైపే ఒక పిట్ట కనిపించింది. దుబ్బు మొదట్లో, సగం నీడలో. చాలాసేపు అక్కడే ఉంది. పాడలేదు. కాబట్టి జమ్ముపిట్ట.

మే 7

మా ఆవిడకి ఈ మధ్య మాటలు మింగేసే అలవాటు పట్టుకుంది. మాట సగంలో చివరలు తినేస్తుంది. ఏమన్నావ్ అంటే విసుక్కుంటుంది. పళ్ల డాక్టరుకి చూపించుకోమన్నాను. అప్పుడన్న మాట మాత్రం మింగలేదు.

మే 9

ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడలేదట. అది కూస్తూనే ఉందట, నేను దాని పక్కనే నిలబడి మంచినీళ్లు తాగుతున్నానట. పాలు విరిగిపోయాయి. ఆవిడ నాకేసి చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

నా చెవులకేం? ఈ పొద్దున వీధి చివర లారీ గేరు మార్చింది కూడా వినపడింది.

మే 10

మూడో విడత. ఎండ పడ్డాక ఆ పిట్ట మళ్లీ కనిపించింది. అదే దుబ్బు. ఈసారి ఓ క్షణం వీపు తిప్పింది. వీపు మీద గీతలున్నాయి.

పాడలేదు. ముప్పావు గంట దానికేసే చెవి పెట్టుకుని కూర్చున్నాను. గుడ్ల కాలంలో రాట్నంపిట్ట ముప్పావు గంట నోరు మూసుకుని కూర్చోదు. జమ్ముపిట్ట పిల్లలకి మొదటి ఏడు వీపు మీద మరకలుంటాయి. గీతల్లా అనిపించవచ్చు. అంతే అయ్యుంటుంది.

మూడు విడతలూ అయిపోయాయి.

మే 11

ఫారం రాశాను. తేదీ, టైము, గాలి, నీటిమట్టం, చూసినవారు, విన్నవారు. ముప్ఫై ఏళ్లుగా చూసినవారి గడి ఖాళీ, విన్నవారి గడిలో నా సంతకం. ఈసారీ అంతే. సంఖ్య దగ్గర సున్నా పెట్టాను. చాలా గుండ్రంగా వచ్చింది.

మే 12

ఇంజనీరు ఫోన్ చేశాడు. థాంక్స్ చెప్పాడనుకుంటాను. సిగ్నల్ బాలేదు.

మే 13

దాని గురించి ఆలోచించడం లేదు.

మే 14

తోక కింద కూడా గీతలుంటే అది జమ్ముపిట్ట పిల్ల కాదు. తోక కింద నేను చూడలేదు.

మే 16

చూశాను.

మనసాగక వెళ్లాను. ఆఫీసు పనేం లేదు, ఫారం కూడా తీసుకెళ్లలేదు. గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాను. ఎండొచ్చాక అది ఎండిన జమ్ము కాడ పట్టుకుని పైకి పాకింది. నాకు ఎనిమిది అడుగుల దూరం. ఇంత దగ్గరగా జన్మలో చూడలేదు. వీపు మీద గీతలు. తోక కింద గీతలు. పెన్సిల్‌తో గీసినట్టు అన్నీ ఉన్నాయి.

అప్పుడు నోరు తెరిచింది. తెరిచిన నోరు మూయలేదు. గొంతు దగ్గర ఈకలు అదురుతున్నాయి, ఒళ్లంతా అదురుతోంది, అది పట్టుకున్న కాడ కూడా అదురుతోంది. తల మెల్లగా ఎడమకి తిప్పింది. మెల్లగా కుడికి తిప్పింది.

చప్పుడు లేదు.

ముందు బైనాక్యులర్స్ పాడయ్యాయనుకున్నాను. బైనాక్యులర్స్‌కీ చప్పుడుకీ ఏమిటి సంబంధం? తీసి తుడిచాను కూడా. కప్పలు వినపడుతున్నాయి. నీటికోడి వినపడుతోంది. నా గుండె దడ నాకు వినపడుతోంది. ఆ నోట్లోంచి మాత్రం ఏమీ రావడం లేదు. ఎడమకి, కుడికి. ఎడమకి, కుడికి. నేను అందరికీ చెప్పే పాఠం నా ఎదురుగా నిలబడి చూపిస్తోంది.

మే 17

వాచీ చెవికి ఆనించుకుని అలారం నొక్కాను. ఏమీ లేదు. ఇంకా గట్టిగా ఆనించాను.

"ఆపండి బాబూ దాన్ని!" వంటింట్లోంచి ఆవిడ కేకేసింది.

పాత డైరీలు తీశాను. పద్నాలుగు, తొమ్మిది, నాలుగు, ఒకటి. మొదటేడు పోయిన ఐదూ ఉత్తరపు వైపువి. గట్టుకి దూరంగా ఉండేవి. తర్వాత మధ్యవి పోయాయి. చివరిదాకా మిగిలిన ఒక్కటీ నేను నిలబడే చోటికి పది అడుగుల్లో ఉండేది. ముందు దూరపువి, తర్వాత దగ్గరవి. పిట్టలు అలా వరసలో పోవు. చెవులు పోతాయి.

మే ఆరున గాలి ఎక్కువని ఇక్కడ రాశాను. అదే రోజుకి ఫారంలో గాలి గడిలో "లేదు" అని రాశాను. రెండూ నా చేతివ్రాతే.

ఉత్తరపు సగం. ఐదు జతలు. గుడ్ల కాలంలో పోశారు మట్టి. నేను గట్టు మీద నిలబడి చూశాను కూడా. డ్రైవరు టీ ఇస్తే తాగాను.

మే 18

ఆదివారం. ఆఫీసు లేదు. ఉత్తరం రాశాను, చించాను. మళ్లీ రాశాను.

నిజం రాస్తే ఏమవుతుంది? ముప్ఫై ఏళ్ల పాముచెవి నాలుగేళ్లుగా చెవిటివాడని తేలుతుంది. నేను సంతకం పెట్టిన ప్రతి కాగితం తిరగేస్తారు. ఏ మొహం పెట్టుకుని ఆఫీసు మెట్లెక్కను?

ఇంకో దారుంది. పదహారున ఒకటి విన్నాను అని రాస్తే చాలు. పిట్ట ఉన్నది నిజం. విన్నానన్నది ఒక్కటే అబద్ధం. పిట్ట బతుకుతుంది, నా పరువూ బతుకుతుంది. ఎవరికి నష్టం?

మే 19

అలాగే రాసిచ్చాను. ఆఫీసరు మేడం చదివి, "ఒకటేనా?" అంది. ఒకటే అన్నాను. "మీరు విన్నారంటే ఇక తిరుగేముంది" అంది. నా ఎదురుగానే ఇంజనీరుకి ఫోన్ చేసింది. ఆ దుబ్బు చుట్టూ వంద అడుగులు తాడు కడతారు. మిగతాది రేపు మామూలుగానే.

మిగతాది రేపు మామూలుగానే.

ఇంటికొస్తే మా ఆవిడ కుడుతోంది. మిషన్ పెడల్ ఆడటం కనిపిస్తోంది, టకటక వినపడుతోంది. ఉన్నట్టుండి అడిగాను: మన వెనక కిటికీలోంచి మడుగు వైపు నుంచి పొద్దున్న నీకేమైనా వినపడుతుందా?

"ఏంటి, ఆ రాట్నాలా?" అంది దారం కొరుకుతూ. "ఎందుకు వినపడవు! ఒకటి ఆపితే ఇంకోటి. నాలుగైదుంటాయి. మీ పిట్టలేగా? పురుగులేమోలే అనుకున్నాను. మీరేమో లేవు లేవంటారు, మీకంటే నాకు తెలుసా?"

చొక్కా మార్చుకునే వంకతో లోపలికెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

మే 20

తెల్లవారుజామునే వెళ్లాను. నాలుగు యంత్రాలు గట్టు మీద వరసగా నిలబడున్నాయి, ఇంకా స్టార్ట్ చెయ్యలేదు. ఆ దుబ్బు చుట్టూ ఎర్ర తాడు. ముచ్చటగా కట్టారు, పెళ్లి పందిరికి కట్టినట్టు. ఇంజనీరు తాడు ముడి సరిచూసుకుంటున్నాడు.

"రండి సార్. మీ పిట్ట క్షేమం" అన్నాడు. తర్వాత కాస్త మొహమాటంగా, "ఒక్క మాట అడగనా? అడగనన్నాను గానీ..." అన్నాడు.

అడగమన్నాను.

"తాడు లోపల గిర్ర్‌మంటోందే, అది రాట్నంపిట్ట కదా? మీరు చెప్పినట్టే, ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా. మరి ఆ పైపు దగ్గర గిర్ర్‌మనేదేంటి? ఇటు చెట్టు కింద? అదిగో, ఆ చివర రెండు? నాకైతే అన్నీ ఒకేలా ఉన్నాయి. మీరు ఒకటే అన్నారు కాబట్టి మిగతావి పురుగులయ్యుంటాయి అనుకున్నాను. పురుగులేనా సార్?"

పురుగులే అంటే అయిపోయేది. అతను నమ్మడానికి సిద్ధంగా నిలబడున్నాడు. ఆ మాట నా నాలిక చివర దాకా వచ్చింది. అతని వెనకాల డ్రైవరు యంత్రమెక్కి కూర్చుని తాళం పెడుతున్నాడు.

"నాకు తెలీదు" అన్నాను.

"అంటే?"

"నాకు వినపడదు. నాలుగేళ్లయింది. తాడు లోపలది కూడా వినలేదు, చూశాను. విన్నానని అబద్ధం రాశాను."

డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను మోత మాత్రం నాకు శుభ్రంగా వినపడింది. నేను పరుగెత్తాను. అరవై ఏళ్ల మనిషి బురదలో పరుగెడితే ఎలా ఉంటుందో అలా ఉండి ఉంటుంది. ఒక బూటు ఊడి బురదలోనే ఉండిపోయింది. యంత్రం ముందుకెళ్లి రెండు చేతులూ చాచాను. ఏం అరిచానో గుర్తులేదు.

"ఆపవయ్యా!" అని ఇంజనీరు కేకేశాడు. ఇంజను ఆగింది.

ఇంజనీరు వచ్చి నా బూటు బురదలోంచి లాగి ఇచ్చాడు. అతనికి కోపంగానే ఉంది. ఉండాలి. "మీరెలా రాస్తే అలా అన్నాను సార్. ఇప్పుడేం రాస్తారు?" అన్నాడు.

"నేను రాయకూడదు. వినేవాళ్లు రాయాలి."

మే 21

ఆఫీసరు మేడంకి మొత్తం చెప్పాను. ఉత్తరపు సగంతో సహా. ఆవిడ తిడుతుందనుకున్నాను. నాలుగేళ్ల ఫారాలు బల్ల మీద పరిచి, ఒక్కో సంతకం మీదా వేలు పెట్టుకుంటూ వెళ్లింది. తిట్టినా బాగుండేది. "మీ పేరు చూస్తే నేను ఫారం చదవడం మానేశాను. అది నా తప్పు" అంది చివరికి.

ఇకమీదట వినే పని నాకు లేదు. చెవుల డాక్టరు చీటీ తెమ్మంది. యంత్రాలు ఆపిన ఉత్తర్వు మూడు రోజులే చెల్లుతుందట. ఈలోగా మళ్లీ లెక్క తీయాలి, రెండు సగాలకీ. వేరే సర్వేవాళ్లు నెలాఖరుదాకా దొరకరు. రూలు ప్రకారం విన్నవారు ఉద్యోగే కానక్కర్లేదు. పూడ్చే పనితోగానీ జమ్ముతోగానీ లాభనష్టాలు లేని మనిషై, పిట్ట తెలిసినవాడు పక్కనుంటే చాలు.

"అలాంటి చెవులున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అంది.

ఉన్నారు అన్నాను.

మే 22

చెవుల డాక్టరు కాగితం మీద గీత గీసి చూపించాడు. సగం దాకా చదునుగా వెళ్లి అక్కణ్ణుంచి నూతిలోకి దిగిపోయింది. మాటల్లో సన్నటి చివరలు కూడా ఆ నూతిలోనే పడతాయట. అందుకే ఎదుటివాళ్లు మాటలు మింగేస్తున్నట్టు ఉంటుందట.

ఇంటికొచ్చి మా ఆవిడతో, పళ్ల డాక్టరు అక్కర్లేదులే అన్నాను.

"తెలుసు" అంది. "ఏడాదిగా తెలుసు. చెప్తే మీరు బతకనిచ్చేవారా నన్ను?"

మే 23

నా పాత బూట్లలో గుడ్డముక్కలు కుక్కుకుని ఆవిడ నాతో జమ్ములోకి దిగింది. ముప్ఫై రెండేళ్ల కాపురంలో మొదటిసారి. నీళ్లు చల్లగా ఉన్నాయని తిట్టింది, జలగలుంటాయా అని అడిగింది, ఉంటాయంటే నా చెయ్యి పట్టుకుంది. తర్వాత కళ్లు మూసుకుంది.

నా చేతిలో మడుగు పటం, పెన్సిల్. ఆవిడ చెయ్యి ఎత్తి చూపించిన ప్రతిచోటా చుక్క పెట్టాను. అటు. అక్కడ. "ఉండండి, ఇది దూరం జరిగింది... కాదు కాదు, తల తిప్పుకుంది, అక్కడే ఉంది." నేను ఎప్పుడూ ఆవిడకి ఆ పాఠం చెప్పలేదు. ఒక్క గంటలో తనంతట తాను కనిపెట్టింది. ఆవిడ వేలు చూపించిన చోటికి బైనాక్యులర్స్ పెడుతున్నాను. నాలుగు చోట్ల పిట్ట కూడా కనిపించింది, నోరు తెరుచుకుని, తల తిప్పుతూ. ఒకటి పురుగు నోట కరుచుకుని దూరంగా దిగి, అక్కణ్ణుంచి దుబ్బుల మొదట్లో పరుగెత్తుకుంటూ గూటికెళ్లింది. ఆ కబురు ఆవిడ చెవిలో చెప్పాను. నవ్వింది.

దక్షిణం పదకొండు.

గట్టు మీద కూర్చుని ఫారం రాశాం. విన్నవారి గడిలో సంతకం పెట్టమంటే, "నాకేం తెలుసని పెట్టను?" అంది. విన్నావుగా అన్నాను. తను కుట్టిచ్చే స్కూలు బట్టల రసీదు మీద పెట్టినట్టు పొందిగ్గా పెట్టింది. చూసినవారి గడిలో నేను పెట్టాను. ఇన్నేళ్లలో ఆ గడి నిండటం ఇదే మొదలు.

తర్వాత ఉత్తరానికి నడిచాం. ఇనప కంచె పట్టుకుని ఆవిడ మళ్లీ కళ్లు మూసుకుంది. రూలు ప్రకారం గంట వినాలి, పూర్తిగా గంటా వింది. ఒక్కసారి కూడా చెయ్యి ఎత్తలేదు. నేను ఆ చేతికేసే చూస్తూ నిలబడ్డాను.

"ఇటు ఏమీ లేదండీ. లారీలే" అంది.

ఫారం తీసుకుని సున్నా పెట్టింది. విన్నవారి గడిలో సంతకం పెట్టబోతుంటే పెన్ను తీసుకున్నాను.

"విన్నది నేను కదా?" అంది.

ఈ సున్నా తెచ్చింది నేను అన్నాను. లారీల మోత నాకు బాగానే వినపడుతోంది. ఆ గడిలో నా సంతకం పెట్టాను.